రెండు పూటలా పళ్లు తోముకున్న ఊరు

1955వ సంవత్సరంలో మా ఊరు పళ్ల విషయంలో ఆదర్శ గ్రామమైందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాము.

అంతకు ముందు మేమూ బనగానపల్లె చుట్టుపక్కల ఊళ్లవాళ్లలాగే పొద్దున ఒక్కపూటే తోముకునేవాళ్లం. ఆడవాళ్లు తెల్లవారకముందే బొగ్గుపొడితో అరనిమిషంలో ముగించేవారు. మగవాళ్లకు అంత తొందర పనికిరాదు. అరుగుల మీద కూర్చుని, ఎండ కాళ్ల మీదికి వచ్చేదాకా వేపపుల్ల నమిలేవారు. నోట్లో పుల్ల ఉన్న మగవానికి పని చెప్పకూడదన్నది మా ఊరి కట్టుబాటు.

దసరా వెళ్లిన వారానికి ఆరోగ్య అధికారి వచ్చి, రోజుకు రెండుసార్లు తోముకోవాలని ఉత్తరువు ఇచ్చిపోయారు. ఊరిపెద్ద ఎల్లారెడ్డి దాన్ని అటూ ఇటూ తిప్పి, కళ్లద్దాలు ఇంట్లో ఉన్నాయని చెప్పి, గిడ్డమ్మ కూతురు రత్నమణి చేత చదివించారు. ఐదో తరగతి పరీక్ష రాయబోయే పిల్ల కాబట్టి ఒక్క అక్షరం తప్పకుండా చదివింది. సర్కారు ఇంత మంచి ఉత్తరువు ఎప్పుడూ ఇవ్వలేదని మగవాళ్లందరూ ఒప్పుకున్నారు.

ఆ సాయంత్రమే అమలు మొదలైంది. "మామా, ఎద్దులు నీళ్లకు అరుస్తాండాయి" అని గిడ్డమ్మ మొగునితో అంటే, ఆయన నోట్లో పుల్ల చూపించాడు. "సర్కారు పనిలో ఉండా, కనపడ్లేదా?"

పూటకొక కొత్త పుల్ల కావాలి. చేలగట్ల మీద వేపచెట్లు చాలా ఉన్నాయి గాని, అక్కడికి నడవాలి. ఊళ్లో ఉన్నది బడి చెట్టొక్కటే. మా బడికి గోడలూ కప్పూ అన్నీ ఆ చెట్టే. శివరాత్రి నాటికి దానికి మొదలు మాత్రం మిగిలింది.

బడి చెప్పే ప్రేమయ్య అయ్యవారు పోయి మొరపెట్టుకున్నారు. ఎల్లారెడ్డి పుల్లను బుగ్గకు జరిపి తీర్పు చెప్పారు. "మగపిల్లోళ్లు పక్కూరి బడికి పోతారులే అయ్యవారూ. ఆడపిల్లోళ్లకు ఇండ్లల్లో శానా నీడ ఉండాది కదా."

రత్నమణి పలక అటక ఎక్కింది. ఇప్పుడు ఎద్దులకు ఆ పిల్లే నీళ్లు పెడుతోంది.

ఉగాదికి అధికారి తిరిగి వచ్చారు. వరుసగా నిలబడిన మగవాళ్ల పళ్లు తళతళలాడాయి. ఆయన "ఆదర్శ గ్రామం" అని కాగితం రాసి, సంతకాలు చేయమన్నారు. అందరూ పళ్లు కనబడేలా నవ్వుతూ వేలిముద్రలు వేశారు. తర్వాత ఆడపిల్లలను నోరు తెరవమన్నారు. బిందె చంకనబెట్టుకుని నిలబడిన రత్నమణితో సహా ఒక్కరూ తెరవలేదు.

"వీళ్లు తోముకోరా?"

"తోముకుంటారు సార్. నోరే తెరవరు. మా ఊర్లో ఆడపిల్లలను అట్ల పెంచినాము" అన్నారు ఎల్లారెడ్డి.

అధికారి ఆ మాటను కూడా ఊరి మంచి అలవాట్ల కింద రాసుకున్నారు.