పాఠకులే యజమానులు

"ఈ క్షణం నుంచి నా పత్రిక నాది కాదు, మీది!" అని సమాచార శాఖ మంత్రిగారు మైకు పగిలేలా ప్రకటించారు. సభలో చాలామంది కళ్లు చెమర్చాయి. అందరికంటే ఎక్కువగా చెమర్చినవి ఆ పత్రిక ఎడిటర్‌వి. మంత్రిగారి ఫొటో మొదటి పేజీలో కుడివైపు వెయ్యాలా, ఎడమవైపు వెయ్యాలా అన్న ఒక్క విషయంలోనే అతనికి అంతవరకూ సంపాదకీయ స్వేచ్ఛ ఉండేది.

మర్నాడే ఎడిటర్‌కి మంత్రిగారి నుంచి పిలుపొచ్చింది.

"మంచి బిజినెస్ మోడల్ తయారుచెయ్యవయ్యా. ప్రజలకు జవాబుదారీగా ఉండాలి."

ఎడిటర్ వారం రోజులు కూర్చుని నిజంగానే తయారుచేశాడు. పాఠకులు నెలనెలా చందా కడతారు. కట్టినవాళ్లంతా యజమానులు. వాళ్లు ఎన్నుకున్న మండలి ఎడిటర్‌ని నిలదీయొచ్చు, అవసరమైతే పీకెయ్యొచ్చు.

మంత్రిగారు ఆసాంతం చదివారు. "నష్టమొస్తే ఎవరు భరిస్తారు?"

"యజమానులే సార్."

మంత్రిగారు లేచొచ్చి అతన్ని కౌగిలించుకున్నారు. "ఇన్నాళ్లూ ఈ ప్రజాస్వామ్యాన్ని ఎక్కడ దాచావయ్యా!"

సభ్యత్వం ఉద్యమంలా సాగింది. మంత్రిగారి కుడిభుజం, ఊరంతా 'లౌడ్‌స్పీకర్' అని పిలిచే కార్యకర్త, నీటి పన్ను కట్టడానికొచ్చినవాళ్లకు రసీదుతోపాటు సభ్యత్వం కూడా ఇప్పించాడు. సభ్యత్వం వద్దన్నవాళ్లకు రసీదు ఇవ్వనివ్వలేదు. నెల తిరక్కుండా, సొంతిల్లు లేనివాళ్లు కూడా యజమానులైపోయారు.

మండలి ఎన్నిక ఏకగ్రీవం. మంత్రిగారి బావమరిది, మంత్రిగారి డ్రైవరు, మంత్రిగారి పళ్ల డాక్టరు నెగ్గారు.

"డాక్టరుగారు నోరు తెరవమంటే మంత్రిగారు తెరవాల్సిందే. అంతకంటే జవాబుదారీతనం ఇంకేం కావాలి?" అన్నాడు లౌడ్‌స్పీకర్. ఎడిటర్ ఆ మాటను పేపర్లో బాక్సు కట్టి వేశాడు.

ఒక ఉదయం ఎడిటర్ భార్య ఖాళీ బకెట్టు తెచ్చి అతని ముందు ఠంగుమని పెట్టింది.

"ఏవండీ, మంత్రిగారు నీళ్ల ట్యాంకు ప్రారంభించి ఆర్నెల్లయింది. పైపే వెయ్యలేదు. ఇది వార్త కాదా?"

"వార్తే. కానీ మన పేపర్లో వచ్చే రకం కాదు."

"మన పేపరేంటి? నా పేపరు! చందా నేను కట్టాను. మీరు నా దగ్గర ఉద్యోగి. రాయండి."

యజమాని మాట కాదనడం అతనికి అలవాటు లేదు. రాశాడు. మొదటి వాక్యాన్ని మూడుసార్లు కొట్టేశాడు. చివరి వాక్యానికి వచ్చేసరికి ఈల వేస్తున్నాడు.

'ట్యాంకు ఉంది, పైపు లేదు' అని మొదటి పేజీలో పడింది. మధ్యాహ్నానికల్లా ఒక్క కాపీ మిగల్లేదు. ముక్కూమొహం తెలియనివాళ్లు రోడ్డు మీద ఆపి మరీ చెయ్యి కలిపారు. ఎడిటర్ గర్వంగా చేతులు కలుపుతూనే, మంత్రిగారి కారు వస్తోందేమోనని అటూ ఇటూ చూసుకున్నాడు.

సాయంత్రం మంత్రిగారి నుంచి కబురొచ్చింది. ఉద్యోగం ఊడినట్టేనని సొరుగు సర్దేసుకుని మరీ వెళ్లాడు. మంత్రిగారు నవ్వుతూ కుర్చీ చూపించారు.

"భలే రాశావయ్యా! అక్షరం పొల్లుపోలేదు."

"మీకు... కోపం రాలేదా సార్?"

"నీ మీదెందుకు? నువ్వు జీతగాడివి. యజమానుల మీద పరువునష్టం దావా వేస్తున్నాను."

"యజమానులంటే ఊరంతా కదా సార్!"

"అందరి మీదా వేస్తున్నా. నేను వివక్ష చూపించే మనిషినా?"

నోటీసులు మర్నాటి పేపరు మడతలో పెట్టి ఇంటింటికీ పంచారు. ఊరు అంత శ్రద్ధగా పేపరు చదవడం ఎన్నడూ లేదు.

"చూశారా, అచ్చంగా నా పేరు మీదే వచ్చింది! కరెంటు బిల్లు కూడా మీ పేరు మీదే వస్తుంది" అంది ఎడిటర్ భార్య, కోపపడాలో మురిసిపోవాలో తేలక.

మండలి అత్యవసరంగా సమావేశమైంది. యజమానులందరి తరఫునా తప్పు ఒప్పేసుకుని, పరిహారానికి రాజీపడింది. చందా కాస్త పెరుగుతుందని, అయినా నొప్పి తెలియదని పళ్ల డాక్టరు హామీ ఇచ్చాడు.

ఆ ఆదివారం మళ్లీ సభ. ఎడిటరూ భార్యా ముందు వరుసలోనే కూర్చున్నారు.

"ఆ పరిహారంలో చిల్లిగవ్వ కూడా నేను ముట్టను!" అన్నారు మంత్రిగారు. సభ నివ్వెరపోయింది. "దాంతో టీవీ ఛానల్ పెడుతున్నా. అదీ మీదే!"

హాలు చప్పట్లతో మోగిపోయింది. లౌడ్‌స్పీకర్ వరుసల మధ్య తిరుగుతూ, చప్పట్లు కొడుతున్నవాళ్ల పేర్లు సభ్యత్వాల పుస్తకంలో రాసుకోవడం మొదలుపెట్టాడు.

భార్య గబుక్కున ఎడిటర్ చేతులు రెండూ గట్టిగా పట్టుకుంది. అప్పటికే ఒక చప్పట పడిపోయింది.