నట్టు తిరగని నక్షత్రం

నౌకాదళ దినోత్సవం నాడు పొద్దున ఎర్మొలాయ్ సావిచ్ వేసుకున్న ప్లాను చాలా చిన్నది. ఆవిరి స్నానశాలకి వెళ్ళాలి. అక్కడ తగిలించి ఉన్న ఒక కోటు మీది పతకాన్ని విప్పి, వెనక్కి తిప్పి, ఏడంకెల నంబరు చదివి, మళ్ళీ బిగించాలి. ఇంటికొచ్చి మీగడ వేసుకుని అట్లు తినాలి. అంతా కలిపి రెండు నిమిషాల పని. ఆ రెండు నిమిషాల పనికి క్రోన్‌ష్తాత్ ఊరు సగం రేవులో నిలబడి పొట్ట చెక్కలయ్యేలా నవ్విందంటే, అది ఆయన చేతి చలవే అనుకోవాలి.

ఎర్మొలాయ్ సముద్రపు నీటిమట్టం కొలిచే ఉద్యోగం ముప్ఫై ఏళ్ళు చేసి రిటైరయ్యాడు. పడవెక్కితే వాంతులు. అయినా ఆయనకున్న పిచ్చి మాత్రం సోవియట్ నౌకాదళ అధికారుల పతకాలు, వాళ్ళ సర్వీసు కాగితాలు పోగుచేయడం. పతకం వెనక నంబరుంటుంది. పతకం అందుకున్నవాడికి అదే నంబరు రాసిన చిన్న పుస్తకం కూడా ఇస్తారు. ఏళ్ళు గడిచేసరికి పతకం ఓ ఇంటికీ, పుస్తకం ఓ సంతకీ చేరతాయి. ఆ రెంటినీ వెతికి పట్టుకుని మళ్ళీ ఒకచోట చేర్చడమే ఈయన పని. ఈ విషయంలో దయాదాక్షిణ్యాలు లేవు. ఒక్క అంకె తేడా వచ్చిందని పాతికేళ్ళ స్నేహితుణ్ణి గుమ్మంలోనే నిలబెట్టి, "మోసగాడా!" అని తిట్టి పంపేశాడు.

"ఏమయ్యా, ఓవెన్‌లో మళ్ళీ ఎవర్ని పెట్టావ్?" అని వంటింట్లోంచి కేకేసింది భార్య కపితోలినా.

"సబ్‌మెరైన్ కెప్టెన్ తాలూకు సర్వీసు ఫైలే కాపా. తడి తగలకుండా ఉంటుందని పెట్టాను."

"పోయినసారి ఇలాగే పెడితే చూసుకోకుండా చేపలు కూరిన రొట్టె కాల్చాను. ఓ లెఫ్టినెంటు బుగ్గయిపోయాడు. ఆ పాపం నాకెందుకయ్యా? మంచం కింద పెట్టెలు, బీరువాలో పెట్టెలు, కాలు పెట్టడానికి చోటేదీ? ఇదే చెప్తున్నా విను. ఇవాళ సాయంత్రానికి ఇవన్నీ మ్యూజియానికైనా పోవాలి, తోటలో కొట్టంలోకైనా పోవాలి."

తోటలో కొట్టమంటే పైకప్పు కారుతుంది. లోపల ఎలుకలు కాపురం పెట్టి మూడు తరాలైంది. ముప్ఫై ఏళ్ళ కాగితాలు వాటికి వారం రోజుల విందు. ఇక మిగిలింది మ్యూజియమే. దాన్ని చూసుకునే రిమ్మా గెర్మానోవ్నా ఒక గాజు బీరువా, దాని కింద తాళాలేసుకునే మూడు పెద్ద సొరుగులు ఇస్తానంది. కానీ షరతు పెట్టింది. పతకం, దాని పుస్తకం, నంబరు కలిసిన జత ఒకటి, అదీ ఈ ఊరి మనిషిదై ఉండాలి. పరేడ్ అయ్యేలోగా తేవాలి. తేకపోతే ఆ బీరువా ఎండుచేపలు పోగుచేసే ఇంకో పెద్దమనిషికి వెళ్ళిపోతుంది.

జతలో సగం ఆయన జేబులోనే ఉంది. నిరుడు చలికాలం సంతలో పాత కాగితాల బుట్టలో దొరికిన చిన్న పుస్తకం. కెప్టెన్ లుక్యాన్ ఫోమిచ్ ఒబుఖోవ్, ఎర్ర నక్షత్ర పతకం, 1956. ఆ ఒబుఖోవ్ పక్కవీధిలోనే నిక్షేపంలా బతికున్నాడు. డెబ్భై అయిదేళ్ళ ఆరడుగుల మనిషి. పండగ రోజు ఆ నక్షత్రం ఛాతీ మీద మెరుస్తూనే ఉంటుంది. "మరి వెళ్ళి అడగొచ్చుగా" అంటారా? అడిగితే "అది నా పుస్తకం, ఇటు తే" అంటాడు. న్యాయంగా అది ఆయనదే. అందుకని ముందు గుట్టుగా నంబరు చూసుకుని, తర్వాత పరేడ్ అయ్యేలోగా బేరం పెడదామని ఎర్మొలాయ్ దురాశ. పైగా ఒబుఖోవ్ ఆ కోటు మీద ఎవర్నీ చెయ్యి వెయ్యనివ్వడు. మే నెల్లో ఒకావిడ దుమ్ము దులపబోతే అరిచిన అరుపుకి పావురాలు లేచిపోయాయి.

పండగ పొద్దున రిటైరైన అధికారులంతా తొలి ఆవిరి పట్టుకుని, అక్కడే పరేడ్ బట్టలు వేసుకుని, నేరుగా రేవుకి వెళ్ళడం ఆ ఊరి ఆనవాయితీ. ఎర్మొలాయ్ వెళ్ళేసరికి మిగతావాళ్ళు వెళ్ళిపోయారు. ఒబుఖోవ్ ఒక్కడే లోపల బిర్చి చెట్టు మండలతో ఒళ్ళంతా బాదుకుంటూ ఊగిపోతున్నాడు. ఎర్మొలాయ్ బట్టలు విప్పి, దుప్పటి చుట్టుకుని, పిల్లిలా కోటు దగ్గరికి చేరాడు.

పతకాన్ని కోటుకి బిగించిన నట్టు తిరగలేదు. ఎడమకి తిప్పాడు, కుడికి తిప్పాడు, పళ్ళతో కొరుకుదామనుకున్నాడు గానీ పై వరస కట్టుడు పళ్ళని గుర్తొచ్చి ఆగాడు. ఇంతలో వెనకనించి, "ఎవరిదయ్యా ఆ కోటు?" అని వినపడింది. స్నానశాల కాపలా మనిషి గ్లఫీరా! చేతిలో చీపురుంది.

"నా... నాదేనమ్మా."

"నీదైతే ఇంకా దుప్పట్లో ఊరేగుతున్నావేం? బయట వ్యాను వాడు హారన్ కొట్టి కొట్టి చస్తున్నాడు! ఒక కెప్టెన్ తక్కువయ్యాడట. పోయినేడు ఒకాయన ఆలస్యం చేస్తే చీవాట్లు నాకు పడ్డాయి. తొడుక్కో!"

"అది కాదమ్మా, నేనూ..."

"తొడుక్కుంటావా, నన్ను తొడగమంటావా?"

గ్లఫీరా అన్నంత పనీ చేసే మనిషి. ఎర్మొలాయ్ కెప్టెన్ ప్యాంటు ఎక్కించాడు, అది చంకల దాకా వచ్చింది. కోటు వేశాడు, చేతులు మాయమయ్యాయి. టోపీ పెట్టాడు, కళ్ళు కూడా మాయమయ్యాయి. "ఆవిరికి మనిషి కుంచించుకుపోయాడు పాపం" అంటూ గ్లఫీరా వీపు మీద చెయ్యేసి బయటికి తోసింది. వ్యాను డ్రైవరు కాగితం మీద టిక్కు పెట్టాడు. వాడికి కావాల్సింది ఒక కెప్టెన్, వాడికి దొరికాడు.

రేవులో ఎనిమిదిమంది ముసలి అధికారులు వరసలో నిలబడ్డారు. తొమ్మిదోవాడిగా ఎర్మొలాయ్‌ని కలిపారు. వీళ్ళంతా ఒబుఖోవ్‌తో నలభై ఏళ్ళు పనిచేసినవాళ్ళే. కానీ పరేడ్‌లో కళ్ళద్దాలు పెట్టుకోవడం వాళ్ళకి నామోషీ. పక్కనున్న నీల్ జఖారిచ్, "ఏరా లుక్యాన్, చిక్కిపోయావేంట్రా? కోడలు తిండి పెట్టట్లేదా?" అన్నాడు. ఎర్మొలాయ్ దగ్గాడు. "జలుబు కూడానా!" అని నీల్ జఖారిచ్ జాలిపడ్డాడు.

అంతవరకు బాగానే ఉంది. ఇలాగే దగ్గుకుంటూ గట్టెక్కేద్దామనుకున్నాడు. కానీ మైకులో, "కెప్టెన్ ఒబుఖోవ్! రెండడుగులు ముందుకి!" అని వినిపించింది. ఆ ఏడు ఒబుఖోవ్‌కి కొత్త పతకం ఇస్తున్నారట. ఎర్మొలాయ్ ముందుకి నడిచాడు, ప్యాంటు మాత్రం ఒక అడుగు వెనకే ఉండిపోయింది. రెండు చేతులతో దాన్ని పట్టుకుని నిలబడ్డాడు. చేతులు ఖాళీ లేక సెల్యూట్ చెయ్యలేదు. పాతకాలపు పొగరులే అని మెచ్చుకోలుగా తలూపాడు పతకమిచ్చే అడ్మిరల్.

పతకమిచ్చాక ఊరుకుంటారా? కడగాలి. నిండు గ్లాసు వోడ్కాలో పతకం వేస్తారు. ఎత్తిన గ్లాసు దించకుండా తాగేసి, అడుగున ఉన్న పతకాన్ని పళ్ళతో పట్టి పైకి తియ్యాలి. అలా కడగని పతకం పతకమే కాదని నావికులందరి గట్టి నమ్మకం.

"అయ్యా, నాకు లివరు..." అని గొణిగాడు ఎర్మొలాయ్.

"లివరు మా అందరికీ ఉంది, కానివ్వండి కెప్టెన్ గారూ!" అన్నారు వెనకనించి.

పదకొండేళ్ళయింది చుక్క ముట్టి. ఎర్మొలాయ్ కళ్ళు మూసుకుని ఎత్తేశాడు. నిప్పులు మింగినట్టయింది. అడుగున పతకం పళ్ళకి తగిలింది. గట్టిగా కొరికిపట్టి, ఠీవిగా తలెత్తి గ్లాసు కిందికి లాగాడు. పతకం గ్లాసులోనే ఉంది. దాన్ని వదలకుండా కరుచుకుని పై వరస పళ్ళు కూడా గ్లాసులోనే ఉన్నాయి. టోపీ వెనక్కి పడిపోయింది.

బ్యాండు వాళ్ళతో సహా రేవంతా విరగబడి నవ్వింది. ఆ నవ్వుల మధ్యలోంచి ఒక గొంతు కత్తిలా దూసుకొచ్చింది.

"ఎర్మొలాయ్! కట్టుకున్న మొగుణ్ణి పళ్ళు చూసైనా పోల్చుకోలేననుకున్నావా! ఆ వేషమేంటి? ఆ తాగుడేంటి?"

కపితోలినా జనాన్ని చీల్చుకుంటూ వస్తోంది. సరిగ్గా అప్పుడే రెండోవైపునించి ఒబుఖోవ్ కూడా వచ్చాడు. ఎర్మొలాయ్ ప్యాంటు ఆయనకి మోకాళ్ళ కిందే ఆగిపోయింది, చొక్కా గుండీ ఒక్కటీ పడలేదు. చేతిలో ఆ ప్యాంటు జేబులో దొరికిన చిన్న పుస్తకముంది. ఎర్మొలాయ్‌కి వోడ్కా మత్తు దిగిపోయింది. ఇటు చూస్తే పెళ్ళాం, అటు చూస్తే పోలీసులు, ఇంట్లో చూస్తే కొట్టం, ఎలుకలు. అయిపోయింది బతుకు అనుకున్నాడు.

కానీ ఒబుఖోవ్ అరవలేదు. "వీడు నా మిత్రుడు, నాకు ఒంట్లో బాగోక వీణ్ణి పంపాను" అని అడ్మిరల్‌కి చెప్పి, ఎర్మొలాయ్ రెక్క పుచ్చుకుని బ్యాండు వ్యాను వెనక్కి లాక్కెళ్ళాడు. ముఖం పాలిపోయి ఉంది.

"విప్పావా?" అన్నాడు గొంతు తగ్గించి.

"నట్టు తిరగలేదండీ," అన్నాడు ఎర్మొలాయ్ పళ్ళు సర్దుకుంటూ.

"తిరగదు. జిగురు పోసి బిగించా. వెనకాల నంబరు లేదు."

"నంబరు లేకపోవడమేంటండీ! ఎర్ర నక్షత్రానికి నంబరు లేకపోవడమా?"

"అసలుది సముద్రంలో ఉంది." ఒబుఖోవ్ ముసలి కళ్ళు చెమర్చాయి. "యాభై ఆరులో ఓడ మీదే కడిగాం. తాగాను, పళ్ళతో పట్టాను, అందరూ జేజేలు కొట్టారు. నేనూ నోరు తెరిచి జే అన్నాను. కెరటం మీద కెరటం. ఇంకేముంది? ప్రభుత్వమిచ్చిన పతకం పోగొట్టానంటే బతకనిస్తారా? మా మెకానిక్కు తీపిపాల డబ్బా రేకు కత్తిరించి, ఓడ అడుగుకి వేసే ఎర్రరంగు పూసి ఇది చేసిచ్చాడు. నంబరు కలిపి చూస్తారన్న భయంతో ఈ పుస్తకాన్ని నా చేతుల్తోనే చెత్తలో పడేశా. నలభై రెండేళ్ళు నాయనా! స్నానశాలలో తప్ప, ఎండాకాలంలో కూడా కోటు విప్పి ఎరగను. నువ్వు దాన్ని మళ్ళీ ఏరుకొచ్చావ్!"

ఎర్మొలాయ్ ముప్ఫై ఏళ్ళలో ఇలాంటి దొంగ పతకం కనబడితే ఊరంతా చాటింపు వేసేవాడు. ఇప్పుడు ఎదురుగా ఆరడుగుల మనిషి, పొట్టి ప్యాంటులో, బడిలో తప్పుచేసిన పిల్లాడిలా నిలబడ్డాడు.

"ఇక్కడున్నారా!" అంటూ రిమ్మా గెర్మానోవ్నా వచ్చేసింది. వెనకే కపితోలినా. "పరేడ్ అయిపోయింది. జత దొరికిందా, లేకపోతే చేపలాయనకి తాళాలిచ్చెయ్యనా?"

ఒబుఖోవ్ తల దించుకున్నాడు. ఎర్మొలాయ్ ఛాతీ మీది రేకు నక్షత్రాన్ని సర్దుకున్నాడు. నిజం చెబితే ఈ ముసలాయన పరువు రేవులోనే మునుగుతుంది, తన పెట్టెలు ఎలుకల పాలవుతాయి. అబద్ధమాడితే, ఒక్క అంకె కోసం స్నేహితుణ్ణి వెళ్ళగొట్టిన తన నాలుక ఏమైపోవాలి?

"దొరికింది," అన్నాడు. "ఇదిగో కోటు, అదిగో పుస్తకం. కెప్టెన్ గారు కోటుతో సహా ఇచ్చేస్తున్నారు. పతకం మాత్రం విప్పకూడదు, కోటుతోనే ఉండాలి."

ఒబుఖోవ్ ఉలిక్కిపడి తలెత్తాడు. తర్వాత గబగబా తలూపాడు.

"నంబరు కలిసిందా? మీ మాట మీదే పెడుతున్నాను, ఆలోచించుకుని చెప్పండి," అంది రిమ్మా.

"పతకం వెనకున్న ఏ ఒక్క అంకె కూడా పుస్తకంతో తేడా రావట్లేదండీ," అన్నాడు ఎర్మొలాయ్, ఒక్కో మాటా ఒత్తి పలుకుతూ. "ఈ మాట మీద ఎక్కడైనా ప్రమాణం చేస్తాను."

రిమ్మా అక్కడికక్కడే తాళాలు చేతిలో పెట్టింది. కపితోలినా కోపంలోనే సగం ఏడ్చి, "పదకొండేళ్ళ నోము ఒక్క గుక్కలో పోగొట్టావ్, రా ఇంటికి చెప్తా" అంటూ మొగుడి ప్యాంటు జారకుండా తన తలగుడ్డ తీసి నడుముకి కట్టింది. ఒబుఖోవ్ మాత్రం నలభై రెండేళ్ళ తర్వాత మొదటిసారి ఒట్టి చొక్కాతో ఎండలో నిలబడి, గాలి ఇంత బాగుంటుందని తనకెవరూ చెప్పలేదేమని ఎర్మొలాయ్‌ని అడిగాడు.

రిమ్మాకి ఉత్సాహం ఆగలేదు. వరసలో ఉన్న ఎనిమిదిమంది వైపు తిరిగి, "మీ అందరివీ కూడా పెడదాం! పతకాలూ పుస్తకాలూ రేపే పట్టుకురండి. ఎర్మొలాయ్ గారు ఒక్కోటీ విప్పి నంబరు చూస్తారు!" అని ప్రకటించింది. ఎనిమిదిమందిలో ఆరుగురికి ఇంట్లో గ్యాసు కట్టెయ్యకుండా వచ్చామని ఉన్నట్టుండి గుర్తొచ్చింది. నీల్ జఖారిచ్‌కైతే కళ్ళద్దాలు లేకుండానే దారి స్పష్టంగా కనిపించింది.

నెల తిరిగేసరికి మ్యూజియానికి మరో ఆరు కోట్లు కానుకలుగా వచ్చాయి, అన్నీ పతకాలు విప్పకూడదన్న షరతుతోనే. ఎర్మొలాయ్ పెట్టెలు సొరుగుల్లో భద్రంగా ఉన్నాయి. ఆయన రోజూ పదింటికి వెళ్ళి గాజు తుడిచి, తన చేత్తో రాసిన అట్టని సరిచేసి కూర్చుంటాడు. దాని మీద ఇలా ఉంటుంది: "వెనక్కి తిప్పి చూడమని అడగరాదు. మేం చూసేశాం."