రెండో తుమ్ము కోసం జరిగిన మహాసమరం

సహస్రకిరణుడు కిటికీతెర సందున తొంగిచూసి, అంతదాకా గుట్టుగా బతుకుతున్న ధూళికణసమూహాన్ని నలుగురిలో బట్టబయలు చేస్తున్న ఆదివారం పదిన్నర గంటల వేళ, మూడుగదుల సామ్రాజ్యానికి నట్టనడుమ, భోజనాలబల్ల ముందు, దక్షిణహస్తాన కలమూ వామహస్తాన చేతిరుమాలూ ధరించి ఆసీనుడయ్యాడు గడియారాల మెకానిక్కు. వెంట్రుకలో సగముండే స్ప్రింగును వేలు వణకకుండా బిగించగల అచంచలహస్తుడు. అయినా రోజుకు నలభై తగ్గకుండా తుమ్మే ఆ ప్రచండనాసికుణ్ణి లోకం తుమ్ములయ్య అనే పిలిచేది.

ఆ బిరుదు అతనికి బాధ కాదు. బాధ ఉయ్యాలలో ఉంది. ఐదు నెలల కూతురిని ఎత్తుకున్నప్పుడల్లా తుమ్ము రావడం, పిల్ల ఉలిక్కిపడి గుక్కపట్టడం, అత్తగారు వచ్చి తీసుకుపోవడం. కన్నకూతురు తనను చూసి జడుసుకుంటోందని ఆ వీరుడు స్నానాలగదిలో కుళాయి తిప్పుకుని ఒకసారి ఏడ్చాడు కూడా.

అందుచేత, గదికొక గాలిశుద్ధి డబ్బా అనే అల్పోపాయాన్ని తృణీకరించి, దుమ్ము పట్టే మాట దేవుడెరుగు, ఘాటువాసన చిమ్మే విద్యుద్యంత్రాన్ని తిరస్కరించి, మూడు వారాలు కరపత్రసముద్రాన్ని మథించి, ఏసీ గొట్టంలో బిగిస్తే ఇల్లంతటి గాలినీ వడకట్టే, నాలుగంగుళాల మందపు ఫిల్టరు గల యంత్రరాజాన్ని వరించాడు. ఇక సంతకమే తరువాయి.

"ఇవాళ పెడితే రేపే బిగిస్తాం సార్. లేదంటే రెండు నెలలు ఖాళీ లేదు," అన్నాడు ఎదురుగా కూర్చున్న మిషన్ల కంపెనీ మనిషి.

కలము కాగితాన్ని తాకింది. "హాచ్!"

"ఆగండి అల్లుడుగారూ!" ఉయ్యాల దగ్గరనుంచి అత్తగారి శాసనం వెలువడింది. "ఒంటి తుమ్ము. ఇప్పుడు సంతకం పెట్టకూడదు."

"తుమ్ములు పోవడానికే కదండీ అత్తయ్యగారూ ఈ మిషను! తుమ్మానని ఆపితే ఇక కొనేదెప్పుడు?"

"నేను వద్దన్నానా? రెండోది తుమ్మి పెట్టండి. జంట తుమ్ముకి దోషం లేదు."

భార్య అతని చెవిలో గొణిగింది. "కాదని కొంటే, ఆ మిషను కిర్రుమన్నప్పుడల్లా 'నే చెప్పలేదూ' అంటుంది మా అమ్మ. ఒక్కటి తుమ్మేయండి, ఓ పనైపోతుంది."

అప్పుడు మొదలైంది ఘోరసంగ్రామం. నలభై తుమ్ముల నాసిక, ఒక్కటి అడిగేసరికి బెట్టుచేసింది. వీరుడు సూర్యబింబాన్ని రెప్పవాల్చక చూశాడు. దిండును చితకబాదాడు. కుర్చీ ఎక్కి బీరువా మీది దుమ్ములో మొహం పెట్టాడు. మిరియాల పొడి పీల్చాడు. కళ్ళు కృష్ణాగోదావరులయ్యాయి గానీ తుమ్ము రాలేదు. జాలిపడిన కంపెనీ మనిషి సంచిలోంచి బ్రహ్మాస్త్రం తీశాడు. "నిన్న ఒకరింట్లో విప్పిన పాత ఫిల్టరు సార్. ఇది పని చేయాలి."

దాన్ని రెండు చేతులా ఎత్తి విదిలించి, వీరుడు నింగికి మొహమెత్తి గర్జించాడు. "ఓసి కృతఘ్ననాసికా! పిలవని పేరంటానికి ప్రతిదినమూ వేంచేసేదానా! పిలిచిననాడు నీకింత గీరయా? ఒక్క తుమ్ము! ఒకే ఒక్క తుమ్ము ప్రసాదింపుము!"

నాసిక చలించలేదు. కంపెనీ మనిషి గడియారం చూసుకుని కాగితం మడవసాగాడు. వీరుడి చేతులు వాలిపోయాయి.

"ఛ్చి!"

అందరూ తిరిగి చూశారు. ఉయ్యాలలో పిల్ల, తన ముక్కు తనకు చేసిన ద్రోహానికి నివ్వెరపోయి, కళ్ళింతలు చేసుకుని చూస్తోంది.

"ఇది లెక్కలోకి వస్తుందామ్మా?" అంది భార్య.

అత్తగారు మనవరాలి ముక్కు తుడిచి, కాసేపు తర్కించి తీర్పు చెప్పింది. "రాకేం? ముక్కు వాళ్ళ నాన్నదే. ఆయన మొదలెట్టాడు, ఇది పూర్తి చేసింది. పెట్టండి సంతకం."

పెట్టాడు. పెట్టి, పరుగున పోయి కూతురిని ఎత్తుకున్నాడు. ఎత్తుకున్న మరుక్షణం, అంతసేపూ దాక్కున్న తుమ్ము ఇల్లదిరేట్టు వచ్చిపడింది.

పిల్ల ఉలిక్కిపడింది. తండ్రి ముక్కును పట్టుకుని, పరీక్షగా చూసి, కిలకిలా నవ్వింది. తాను చేసిందే ఆయనా చేశాడని కాబోలు.

ఆ విధంగా ఆ అరివీరభయంకరుడు, అత్తశాసనదుర్గాన్ని భేదించి, ఒక కాగితం మీద తన పేరు తానే రాసుకుని, యంత్రం ఇంకా గుమ్మం తొక్కకముందే, తుమ్మి కూడా కూతురి చేత ఏడవబడనివాడై భూమండలాన వెలుగొందెను!