బోర్క్వే పెదనాన్నకు తగిన ఫోను

కెస్ట్రో కంపెనీవారు ఈమధ్య విడుదల చేసిన పన్నెండో నంబరు ఫోను మా బోర్క్వే పెదనాన్నను పూడ్చిపెట్టడానికి అన్ని విధాలా యోగ్యమైనదని మా కుటుంబ సాంకేతిక పరిశీలక ఉపసంఘం ఏకగ్రీవంగా తీర్మానించింది. ఆకృతికి పదికి తొమ్మిది, సౌకర్యాలకు తొమ్మిది, పనితీరుకు ఎనిమిదిన్నర మార్కులు పడ్డాయి. పనితీరులో ఆ అర మార్కు ఎందుకు తగ్గిందో నా మోకాళ్లకు తెలుసు. ఉపసంఘానికి కార్యదర్శిని నేనే కాబట్టి వివరాలన్నీ నేనే రాస్తున్నాను.

ఫోనులో మనిషిని పూడ్చడమేమిటని మా టెషీలో ఎవరూ అడగరు. మనిషి బతుకు ఎలా గడిచిందో శవపేటిక ఆ ఆకారంలో ఉండాలని మా ఊరి పట్టింపు. జాలరి చేపలో పోతాడు, టాక్సీ డ్రైవరు టాక్సీలో పోతాడు, ఉల్లిపాయలమ్మిన మా మేనత్త ఉల్లిపాయలో పోయింది. పెదనాన్న నలభై ఏళ్లు సముద్రపొడ్డున కూర్చుని చిరిగిన వలలు బాగుచేశాడు. న్యాయంగా అయితే ఆయన వల అల్లే సూదిలో పోవాలి. కాని సెప్టెంబరులో ఎదురింటివాళ్లు తమ నాయనమ్మను కెస్ట్రో పదిలో పూడ్చారు. రెండు కెమెరాలు, చుట్టూ వెండి అంచు. ఆ ముసలమ్మ బతికుండగా ఫోను ఏ వైపు పట్టుకోవాలో ఎరగదు. అయినా నెల రోజులు వీధి వీధంతా ఆ పెట్టె గురించే చెప్పుకుంది. మా ఇంటి పరువు అంత కష్టంలో ఉన్నప్పుడు, అక్టోబరులో పెదనాన్న సరిగ్గా సమయానికి చనిపోయాడు.

ఆయన పోయిన రోజు కూడా సామాన్యమైనది కాదు. కెస్ట్రో పదకొండు బజారులోకి వచ్చిన రోజది. మేమంతా ఎబెనేజర్ దుకాణంలో చేరి, ఎవరో ఆ ఫోను అట్టపెట్టె విప్పుతున్న వీడియో చూస్తున్నాం. ఎబెనేజర్ నాకు వరసకు అన్న. పగిలిన ఫోను అద్దాలు మారుస్తుంటాడు, అందుచేత మా కుటుంబానికి శాస్త్రవేత్త. వీడియోలో మూడో కెమెరా బయటపడే సమయానికి నా ఫోను మోగింది. చూస్తే పెదనాన్న. ఆయనది రబ్బరు బ్యాండు చుట్టిన బొత్తాల ఫోను, నెత్తిన చిన్న టార్చి దీపం ఉంటుంది. దానితో ఆయన ఫోను చేసి, "ఏరా సోవా, మీవైపు వాన పడుతోందా?" అని అడుగుతుంటాడు. ఇద్దరిదీ ఒకే వీధి. అందుకని ఎత్తలేదు. తరువాత ఎబెనేజర్ ఫోను మోగింది. అతనూ ఎత్తలేదు. సాయంత్రం కోర్కోయ్ పెద్దమ్మ బజారు నుంచి వచ్చేసరికి ఆయన కుర్చీలోనే ఉన్నాడట. ఫోను ఒళ్లో ఉంది, టార్చి ఇంకా వెలుగుతోంది.

ఆయనను ఆసుపత్రి శవాల ఫ్రిజ్‌కు పంపి కుటుంబ సభ పెట్టాం. మా కుటుంబ పెద్ద ఒడార్టే తాత లేచి చేతికర్ర నేలకు కొట్టి ఉపన్యాసం మొదలుపెట్టాడు.

"బంధువులారా! మన బోర్క్వే ఎటువంటి మనిషి? సమాచార ప్రియుడు! నలుగురితో మాట కలపనిదే ముద్ద దిగేది కాదు వాడికి. అలాంటివాణ్ణి సూదిలో పెట్టి పంపితే పైనున్న మన పెద్దలు ఊరుకుంటారా? ఎదురింటివాళ్లది పది. మనది పదకొండు. అంతే!"

చప్పట్లు చాలాసేపు మోగాయి. లోపలి గదిలోంచి పెద్దమ్మ గొంతు వినిపించింది.

"నాయనా, ఆయన్ని చేపలో పెడతారో పడవలో పెడతారో మీ ఇష్టం, తొందరగా పంపెయ్యండి. ఫ్యాను గాలికే స్వెట్టరేసుకునే మనిషి. తీసుకెళ్లి ఫ్రిజ్‌లో పెట్టారు మీరు."

ఈ వ్యాఖ్య సాంకేతికమైనది కాదు కాబట్టి సభ నమోదు చేసుకోలేదు.

పెద్దమ్మ సంగతి కొంచెం చెప్పాలి. భర్తను పూడ్చేదాకా మా ఆచారం ప్రకారం ఆవిడ గడప దాటకూడదు, పొయ్యి వెలిగించకూడదు, బజారు ముఖం చూడకూడదు. ఆవిడ ముప్ఫై ఏళ్లుగా కెంకీ అమ్ముతోంది. పులిసిన మొక్కజొన్న పిండి ముద్దలను పొత్తు రేకుల్లో చుట్టి ఆవిడ ఉడికిస్తే, ఆ వాసనకు సగం టెషీ నిద్ర లేచేది. ఇప్పుడు ఆ కుండ బోర్లించి ఉంది. ఆవిడ స్థలంలో ఇంకొకావిడ వచ్చి కూర్చుంది. ఆ ఇంకొకావిడ చేసేది కెంకీ అని అనడానికి నాకు నోరు రాదు. మొగుణ్ణి పూడిస్తే తప్ప పెద్దమ్మకు విడుదల లేదు, ఆ పూడ్చడం మా ఉపసంఘం చేతిలో ఉంది.

జనవరికల్లా శవపేటికలు చేసే అజెటే మేస్త్రి పదకొండు తయారుచేశాడు. మూడు కెమెరాల చోట మూడు సత్తు గిన్నెలు, అద్దంలాంటి నల్లరంగు. ఊరంతా పోస్టర్లు అంటించాం. అంత్యక్రియలు పది రోజులుండగా కెస్ట్రోవారు పన్నెండు త్వరలో వస్తోందని ప్రకటించారు. తాత ఆ వార్త విని భోజనం మధ్యలో లేచిపోయాడు.

"పాత మోడల్లో పంపుతామా మనవాణ్ణి?" అని అరిచాడు. "అక్కడ వాడి మొహం చూసి అందరూ నవ్వరూ?"

పోస్టర్ల మీద 'తేదీ త్వరలో' అని కాగితం ముక్కలు అంటించాం. అప్పుడే ఎబెనేజర్ అధ్యక్షతన ఉపసంఘం ఏర్పడింది. కొత్త ఫోను గురించి రోజుకొక పుకారు వచ్చేది. కెమెరాలు గుండ్రటి గుంపులో ఉంటాయంటే మేస్త్రి గుండ్రంగా కోశాడు. కాదు చతురస్రమంటే కొత్త పలక తెచ్చి చతురస్రంగా కోశాడు. నాలుగోసారి వెళ్లేసరికి ఆయన రంపం కింద పెట్టేశాడు.

"ఒరేయ్ సోవా, పడుకునేవాడికి కావలసింది పొడవూ వెడల్పూ రా. కెమెరా దేనికి? లోపల్నుంచి ఎవర్ని తీస్తాడు?"

మేస్త్రికి సాంకేతిక పరిజ్ఞానం తక్కువని నివేదికలో రాసుకున్నాం.

మార్చి గడిచింది, మే గడిచింది. జూలైలో హోమోవో పండుగకు ముందు డప్పుల నిషేధం మొదలవుతుంది. ఆ నెల రోజులూ డప్పు మోగకూడదు, శవం లేవకూడదు. ఆలోపు పూడ్చలేకపోతే పండుగ అయ్యేదాకా ఆగాలి. ఈ భయంతోనే కాబోలు, పెద్దమ్మ ఒకరోజు మమ్మల్నే తన గది గుమ్మం దగ్గరికి పిలిపించుకుంది. నల్ల గుడ్డలో బాగా చిక్కిపోయి ఉంది. పెదనాన్న బొత్తాల ఫోను మా ముందు పెట్టింది. అన్ని నెలలూ దానికి చార్జింగు పెడుతూనే ఉందట.

"మీరు ఫోన్లు పరీక్ష చేసే పెద్దమనుషులు కదా, ఇదీ చూడండి. ఆ రోజు ఎవరెవరికి చేశాడో అందులో ఉంది."

చూశాం. తాతకు రెండుసార్లు, ఎబెనేజర్‌కు మూడుసార్లు, నాకు ఆరుసార్లు. ఆరుసార్లు వాన గురించి ఎవరూ అడగరని నాకు అప్పుడే తట్టింది.

"ఆ రోజు మేం పనిలో ఉన్నాం పెద్దమ్మా" అన్నాడు ఎబెనేజర్, ఫోను తిరగేసి చూస్తూ. "మోడలు మరీ పాతది. తెర కూడా గీతలు పడిపోయింది."

ఆవిడ ఫోను తీసుకుని తలుపు వేసుకుంది.

జూన్ చివర పన్నెండు విడుదలైంది. అది మడతపడే ఫోను. ఉపసంఘం రెండు రోజులు ఆనందంలో మునిగిపోయింది. తరువాత అది మధ్యకు మడిస్తే పెదనాన్న ఏమవుతాడన్న సందేహం వచ్చింది. ఆయన ఆరడుగుల మనిషి. తాత ఈ చిక్కును ఒక్క మాటతో తేల్చేశాడు.

"కూర్చోబెట్టండి! పెద్దలెప్పుడైనా పడుకుని సభ చేశారా? కూర్చుని వెళ్లడమే వాడికి గౌరవం."

మేస్త్రి తలుపులకు వేసే పెద్ద ఇనుప కీళ్లు తెచ్చి పన్నెండు తయారుచేశాడు. ఆ తరువాత జరిగిన పరీక్షలు మా ఉపసంఘం చిత్తశుద్ధికి నిదర్శనం. పెదనాన్న ఎత్తు నాదే కాబట్టి నన్ను లోపల పడుకోబెట్టి మడిచారు. కీలు సరిగ్గా మోకాళ్ల దగ్గర పడింది. నా అరుపును బట్టి శబ్దం బయటకు చాలా స్పష్టంగా వస్తోందని ఎబెనేజర్ మార్కులు వేశాడు. కింద పడితే తట్టుకుంటుందో లేదో చూడటానికి శవం మోసేవాళ్లను పిలిపించి, మా ఊరి వాడుక ప్రకారం డప్పులతో నాట్యం చేయిస్తూ మూడుసార్లు పడేయించాం. నేను లోపలే ఉన్నాను. నీటిలో అరగంట తడిసినా చెక్కుచెదరదని కంపెనీవారు చెప్పారు కాబట్టి, పెట్టెను సముద్రంలోకి లాగి అరగంట ముంచాం. ఈ పరీక్షకు మాత్రం లోపల పడుకోనని నేను మొండికేశాను. అది క్రమశిక్షణా రాహిత్యమని నివేదికలో నాచేతే రాయించారు.

మర్నాటి నుంచి నిషేధం అనగా అంత్యక్రియలు పెట్టుకున్నాం. ఎర్ర గుడ్డలు, నల్ల గుడ్డలు, బూరల మేళం, ఎదురింటివాళ్లకు ముందు వరుసలో కుర్చీలు. ఫ్రిజ్ బండి పెదనాన్నను తీసుకొచ్చి నిలబడింది. పన్నెండును మడిచి తీసుకొచ్చి చాపమన్నాం. అది చాపుకోలేదు. ఉప్పునీటికి కీళ్లు తుప్పు పట్టి బిగుసుకుపోయాయి, చెక్క ఉబ్బింది. ఎబెనేజర్ నూనె పోశాడు. నలుగురు లాగారు. తాత చేతికర్రతో పొడిచాడు, కర్ర విరిగింది. ఎదురింటివాళ్లు నవ్వు దాచుకోవడానికి మొహాలకు గుడ్డలు అడ్డం పెట్టుకున్నారు. బండి డ్రైవరు హారన్ కొట్టి, "పెద్దాయన్ని దింపుతారా, తిరిగి తీసుకెళ్లిపోనా?" అని అడిగాడు.

అప్పుడు అజెటే మేస్త్రి, అతని మనుషులు సందులోంచి ఇంకో పెట్టె మోసుకొచ్చారు. అది బొత్తాల ఫోను. తెర చిన్నది, కింద పన్నెండు చెక్క బొత్తాలు, తల వైపు పడవకు కట్టే లాంతరు, నడుం చుట్టూ లారీ ట్యూబు కోసి వేసిన రబ్బరు బ్యాండు. మేం పారేసిన పదకొండునే కోసి చేశాడు. ఇరవై ఏళ్లు తనకు పొద్దున్నే వేడి కెంకీ పెట్టిన పెద్దమ్మ కిటికీలోంచి అడిగితే కాదనలేకపోయానని తరువాత చెప్పాడు.

వీధిలో ఎవరో ఈల వేశారు. "అబ్బ, ఇది అచ్చం బోర్క్వేదే!" అని ఎదురింటాయన పైకే అనేశాడు. తాతకు అంతకంటే ఏం కావాలి? విరిగిన కర్ర పైకెత్తాడు.

"బంధువులారా! పాతదే అసలైనదని మా కుటుంబం మొదటినుంచీ గట్టిగా నమ్ముతూ వచ్చింది! అందుకే ఈ ఎనిమిది నెలలూ ఆగాం!"

చప్పట్లు మోగాయి. పెద్దమ్మ పెదనాన్నకు స్వెట్టరు తొడిగించింది. చొక్కా జేబులో ఆయన ఫోను పెట్టింది. ఆయన కాళ్లు చాపుకుని హాయిగా పడుకున్నాడు.

గుంట దగ్గర పాస్టరు ప్రార్థన చదువుతుంటే నూటయాభై మంది తమ ఫోన్లు పైకెత్తి వీడియో తీస్తున్నారు. నేనూ ఎత్తాను. తెర మీద ఆయన పేరు వెతికి నొక్కాను. ఎందుకు నొక్కానో రాయడానికి కార్యదర్శి భాషలో మాట దొరకలేదు. సిగ్గేసింది, అంతే.

మట్టి కిందనుంచి ఫోను మోగింది. పాస్టరు ఆగిపోయాడు. మోసేవాళ్లు పారలు వదిలేశారు. ఎబెనేజర్ కంగారుగా జేబులు తడుముకున్నాడు.

"ఒరేయ్, ఎవడ్రా అది? ఆపండ్రా!" అన్నాడు.

పెద్దమ్మ నావైపు చూసింది. ఎనిమిది నెలల తరువాత ఆవిడ మొహంలో నవ్వులాంటిది కనిపించింది.

"మోగనియ్యండి. ఆయన పనిలో ఉన్నాడు."

మర్నాడు తెల్లవారేసరికి వీధిలో కెంకీ వాసన వచ్చింది. వచ్చే పండుగ తరువాత పూడ్చబోయే తమ తాతకు బొత్తాల ఫోను కావాలని ఎదురింటివాళ్లు మేస్త్రికి అప్పుడే పురమాయించారట. వాళ్ల తాత ఇంకా వాకిట్లో కూర్చుని పళ్లు తోముకుంటున్నాడు.

ఉపసంఘం తన అనుబంధ నివేదికను ఇందుమూలంగా సమర్పిస్తోంది. బొత్తాల ఫోను: ఆకృతి బాగుంది, మోకాళ్లకు ఇబ్బంది లేదు. సిగ్నలు అయిదడుగుల మట్టి కింద కూడా నిండుగా అందుతుంది. ఒకే ఒక్క లోపం, అవతలివాళ్లు ఎత్తరు. అది ఫోను లోపం కాదని సభ్యులందరూ అంగీకరించారు. ఈ నివేదిక చదువుతుండగా మీ ఫోను మోగి ఉంటే కంగారు పడనవసరం లేదు, చదవడం పూర్తిచేసే ఎత్తండి. మేమూ వీడియో పూర్తయ్యాకే లేచాం.