కుడి చక్రంలో టక్ టక్

"నిశ్శబ్దం!" అన్నాడు మా బావ, టిఫిను బల్ల దగ్గర స్పూను పైకెత్తి. "ప్రపంచంలో గొప్ప మెదళ్ళు మూడే మూడు. మొదటిది పోయింది. రెండోదానికి మతిమరుపు వచ్చింది. మూడోది మీ ముందు కూర్చుని ఉంది."

"ఆ స్పూను నా కాఫీలోది. ఇటివ్వండి," అంది అక్క.

మా బావ జీతం తీసుకునేది బీమా ఆఫీసులో ఫైళ్ళకు నంబర్లు వేసినందుకు. డిటెక్టివ్ అన్నది ఆయన తనకు తానే ఇచ్చుకున్న పదవి. ఇంతవరకు చేపట్టిన కేసులు పదకొండు. తొమ్మిదింట్లో పోయిన వస్తువు ఆయన జేబులోనే దొరికింది. మిగతా రెండింట్లో తప్పిపోయింది ఆయనే. అక్కకు తమ్ముణ్ణయిన పాపానికి నేను సహాయకుణ్ణి.

ఈసారి కేసు మా కారు. వారం రోజులుగా మలుపు తిరిగినప్పుడల్లా కుడివైపు ముందు చక్రం దగ్గర టక్, టక్, టక్ అంటోంది.

బావ ఎంత తమాషా మనిషైనా ఆ కారు సంగతి తమాషా కాదు. అక్క నర్సు. కొండమీది ఆసుపత్రిలో హెడ్ నర్సు ఉద్యోగం కోసం ఆరేళ్ళు ఎదురుచూసింది. మర్నాడు పొద్దున తొమ్మిదింటికల్లా వెళ్ళి సంతకం పెట్టకపోతే అది జాబితాలో తర్వాతి మనిషికి వెళ్ళిపోతుంది. ఆ వేళకు బస్సు లేదు. దారి పొడుగునా మలుపులు, పక్కన లోయ. అక్క పైకి మామూలుగానే ఉంది కానీ ఆ పొద్దున ఒకే కప్పు నాలుగుసార్లు కడిగింది.

"ఇది మామూలు మోత కాదోయ్ బావమరిదీ," అన్నాడు బావ నా చెవిలో. "సంకేతం. టక్ అంటే చుక్క. మూడు చుక్కలంటే?"

"పళ్ళెంలో ఇడ్లీలు చల్లారిపోతున్నాయి," అన్నాను.

కారును మేస్త్రి షెడ్డుకు తీసుకెళ్ళాం. బావ కోటూ, తలకు హెల్మెటూ వేసుకున్నాడు. మారువేషమట. మేస్త్రి చూడగానే "రండి సార్, హెల్మెట్ తియ్యండి, ఉక్కపోస్తుంది," అన్నాడు.

మేస్త్రి అరవై ఏళ్ళ పెద్దమనిషి. కారును నెమ్మదిగా గుండ్రంగా తిప్పి విన్నాడు. దిగి, కుడి చక్రం వెనక చెయ్యి పెట్టి తడిమాడు.

"చూడమ్మా, ఇంజను బలాన్ని చక్రానికి అందించేది ఈ యాక్సిల్. చివర ఒక జాయింట్ ఉంటుంది, లోపల ఉక్కు గుండ్లు. వాటికి గ్రీజు పెట్టి, పైన రబ్బరు బూటు తొడుగుతాం. ఇదిగో, కుడివైపు బూటు చిరిగింది. గుండ్లు బాగుంటే కడిగి, గ్రీజు పెట్టి, కొత్త బూటు వేస్తే చాలు. అరిగితే మాత్రం జాయింటే మార్చాలి. అరిగినదాన్ని రిపేరు చేశానని చెప్పి నిన్ను కొండ ఎక్కించలేను."

"ఏదో ఇప్పుడే చెప్పలేరా?" అంది అక్క.

"విప్పకుండా చెప్పేవాడు మేస్త్రి కాదమ్మా, జ్యోతిష్కుడు. మోగే వైపే విప్పుతాను. రెండువైపులా విప్పితే పొద్దుపోతుంది. భోంచేసి వచ్చి మొదలెడతా."

వెళ్ళే ముందు కుడి చక్రం మీద సుద్దతో పెద్ద ఇంటూ గుర్తు వేశాడు. షెడ్డులో ఏడు బండ్లున్నాయి. ఒకప్పుడు జ్ఞాపకాన్ని నమ్మి, హారను బాగుచెయ్యమని ఇచ్చిన బండికి గేర్లన్నీ విప్పేశాడట. అప్పటినుంచి ఆయన సుద్దను తప్ప దేన్నీ నమ్మడు. ఇంటూ ఉన్నదే విప్పుతాడు. ఈ సంగతి ఆయన మాకు చెబుతున్నప్పుడు బావ కారు కింద దూరి, చక్రం లోపలివైపు చిందిన గ్రీజును వేలితో తీసి నాలుక మీద రాసుకుంటున్నాడు.

"నల్ల రక్తం!" అని కింద నుంచి వినిపించింది. తర్వాత ఉమ్మిన చప్పుడు.

నేనూ అక్కా అన్నం పొట్లాలు తేవడానికి వెళ్ళాం. బావ కాపలా ఉంటానన్నాడు. పిల్లిని పాలకు కాపలా పెట్టినా అంత నష్టం ఉండదని నాకప్పుడు తోచలేదు.

తిరిగొచ్చేసరికి మేస్త్రి పనిలో ఉన్నాడు. కారు జాకీల మీద ఉంది. ఎడమ చక్రం ఊడి పక్కన పడుకుని ఉంది. దాని మీద సుద్ద ఇంటూ.

"మేస్త్రిగారూ, మోత కుడివైపు కదండీ?" అన్నాను.

"గుర్తు ఎడమవైపు ఉంది బాబూ."

"మీరు వేసింది కుడివైపే!"

బావ హెల్మెట్ సర్దుకుని ముందుకొచ్చాడు. "ఇక రహస్యం విప్పే ఘడియ వచ్చింది. ఆ ఇంటూ ఏమిటనుకున్నారు? ముఠా గుర్తు! సాయంత్రం వాళ్ళ మనిషి వచ్చి గుర్తున్న చక్రాన్ని మాయం చేస్తాడు. అందుకే కుడివైపుది తుడిచేసి, ఎడమవైపు నేనే వేశాను. శత్రువు బోల్తా!"

"ఏమండీ," అంది అక్క. గొంతు పెద్దది చెయ్యలేదు. ఆరేళ్ళూ ఆ ఒక్క మాటలోనే ఉన్నాయి. "నాకున్నది ఈ ఒక్క మధ్యాహ్నం. అది కూడా మీ ఆటకే కావాలా?"

నాకు ఆయన హెల్మెట్ మీద రెండు మొట్టాలనిపించింది.

అప్పుడే మేస్త్రి "ఒక్క నిమిషం, అరవకండి," అన్నాడు. ఎడమ జాయింట్‌ను గుడ్డతో తుడిచి వెలుగులోకి పట్టుకున్నాడు. ఆయన ముఖంలో రంగు మారింది.

"ఇలా రా అమ్మా. వేలు పెట్టి చూడు."

ఉక్కు గుండ్ల మీద గుంటలు. వాటిని పట్టి ఉంచే కట్టు ఒకచోట చివరిదాకా పగిలి ఉంది. బూటు పైకి బాగానే ఉంది కానీ క్లిప్పు వెనక సన్నటి చీలిక. అందులోంచి ఎన్నాళ్ళనుంచో దుమ్ము పోతోంది.

"దీని మోత కుడివైపు మోతలో కలిసిపోయింది. నేను పట్టలేదు," అన్నాడు మేస్త్రి మెల్లగా. "రేపు కొండమీద, మలుపులో, ఇది విరిగేది."

అక్క ఆ పగులు పొడుగునా వేలితో తడిమింది.

ముందు తేరుకున్నది బావే. "అంటే నేను... ఊహించినట్టే!"

"మరి కుడివైపు టక్ టక్?" అన్నాను.

మేస్త్రి కుడి చక్రాన్ని చేత్తో తిప్పాడు. టక్. ఇంకోసారి. టక్. అక్క మోకాళ్ళ మీద కూర్చుని, చెవి ఆనించి, వీల్ క్యాప్ అంచు పట్టుకుని లాగింది. అది ఊడింది. లోపలినుంచి పిప్పరమెంటు డబ్బా ఒకటి దొర్లుకుంటూ వచ్చి బావ పాదాల దగ్గర ఆగింది.

గుమ్మడికాయ దొంగ అనకముందే బావ భుజాలు తడుముకున్నాడు.

"మన ఇంటి రెండో తాళంచెవి," అన్నాడు నేల చూపులు చూస్తూ. "దొంగలు పూలకుండీ కింద వెతుకుతారు, గుమ్మం పైన వెతుకుతారు. వీల్ క్యాప్‌లో వెతకరు. పోయిన వారం దాచాను. ఎంత రహస్యంగా దాచానంటే, నాకు కూడా తెలియకుండా దాచాను."

"వేగంగా పోతే అంచుకు అతుక్కుని ఊరుకుంటుంది. మలుపులో నెమ్మదిస్తే దొర్లుతుంది," అన్నాడు మేస్త్రి, నవ్వు ఆపుకుంటూ. తర్వాత కుడి జాయింట్ కూడా విప్పి చూశాడు. గుండ్లు మెరుస్తున్నాయి. "దీనికి కొత్త బూటు చాలు. ఎడమది మార్చాల్సిందే. నీ అదృష్టం, షెల్ఫులో ఒకటుంది. పొద్దుపోయినా సరే, ఇవాళే ఇచ్చేస్తా."

అన్నట్టే ఇచ్చాడు. ఆ రాత్రి బావ తన నోట్‌బుక్కులో "పన్నెండో కేసు: ఘనవిజయం" అని రాసుకున్నాడు. అక్క చూసింది, కొట్టెయ్యలేదు.

మర్నాడు ఆరింటికి అక్కను సాగనంపడానికి నేనూ బావా బయటికొచ్చాం. అక్క కళ్ళు తడిగా ఉన్నాయి. "మీ పిచ్చే నన్ను కాపాడిందండీ," అంది. బావ ఛాతీ పొంగించి, వీరుడిలా వెనక్కి చెయ్యి చాచి ఇంటి తలుపు ధడాలున వేశాడు. తాళం దానంతటదే పడిపోయింది.

కారు కదిలింది. వీధి చివర నెమ్మదించి, మలుపు తిరిగింది.

టక్. టక్. టక్.

బావ వైపు చూశాను. ఆయన ఆకాశం వైపు చూస్తున్నాడు.

"బావా! మళ్ళీ అక్కడే పెట్టావా?"

"పరీక్షకు నిలిచిన చోటు కదోయ్. వారం రోజులు వెతికి నేనే కనుక్కోలేకపోయాను."

"మరి మొదటి తాళంచెవి?"

"కారు తాళాల గుత్తిలో," అన్నాడు, మూసిన తలుపు వైపు తిరుగుతూ.

తొమ్మిదికి పది నిమిషాలుండగా నా ఫోను మోగింది. "చేరాన్రా. సంతకం పెట్టేశాను," అంది అక్క. "దారంతా ఆ టక్ టక్‌కు భయమే వెయ్యలేదు. మీ బావ పక్కన కూర్చుని వాగుతున్నట్టే ఉంది. సరే, డబ్బా తీసి సంచిలో వేసుకున్నా. రెండు తాళంచెవులూ నా దగ్గరే ఉన్నాయి. సాయంత్రం వస్తాను. అందాకా ఇద్దరూ మెట్ల మీద కూర్చోండి. ఆయన్ని దేన్నీ విప్పనివ్వకు."

ఫోను పెట్టేసి చూస్తే, బావ అప్పటికే జేబులోంచి సుద్దముక్క తీసి మా తలుపు మీద ఇంటూ వేస్తున్నాడు.