లెట్ యూ గో

పొద్దున్నే అద్దం ముందు నిలబడి గ్రామర్‌గారు ఇంగ్లీషులో సెలవు అడగడం సాధన చేస్తున్నారు. అట్టపెట్టెల ఫ్యాక్టరీలో ఆయన డిస్పాచ్ గుమాస్తా. ఇంగ్లీషు ముక్క ఎక్కడ వినబడినా అర్థం చెప్పందే వదలరు కాబట్టి ఆ పేరు ఖాయమైపోయింది. "తెలీదు" అన్న మాట మాత్రం ఆయన నోట ఎవరూ వినలేదు.

"చెల్లి పెళ్ళికి ముందుగానే వెళ్ళాలండీ. మా తమ్ముడిక్కూడా మీరే అడగండి. ఆ మేనేజరు ముందు వాడికి నోరు పెగలదు," అంది భార్య. తమ్ముడిదీ అదే ఫ్యాక్టరీ, ప్యాకింగులో.

"నేనున్నానుగా!" అన్నారాయన.

మేనేజరు కొత్తవాడు, ఇంగ్లీషు తప్ప మరో ముక్క రాదు. గ్రామర్‌గారు ఇంకా నోరు తెరవనేలేదు, అతను తలదించుకుని అన్నాడు: "ఐ యామ్ సారీ. వియ్ హావ్ టు లెట్ యూ గో."

లెట్ అంటే అనుమతించు, గో అంటే వెళ్ళు. అడక్కుండానే సెలవు! సారీ ఎందుకన్న అనుమానం రాలేదా అంటే, వచ్చింది. కానీ తుమ్మినా సారీ చెప్పే జనం కదా అని సర్దుకున్నారు.

"థాంక్యూ సార్! ప్లీజ్ లెట్ మై బ్రదర్-ఇన్-లా గో ఆల్సో!"

మేనేజరు నోరు వెళ్ళబెట్టాడు. కొందరిని ఉద్యోగంలోంచి తీసెయ్యమని పైనుంచి హుకుం వచ్చిన దగ్గర్నుంచీ, ఎవరి పొట్ట కొట్టాలో తేలక అతనికి కంటిమీద కునుకు లేదు. గబగబా బావమరిది పేరు రాసుకున్నాడు.

గ్రామర్‌గారు అడిగితే చాలు సెలవిచ్చేస్తున్నారన్న కబురు ప్యాకింగులో గుప్పుమంది.

"అన్నయ్యగారూ, మా అమ్మను ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. నా మాట కూడా చెబుదురూ," అంది తూకం దగ్గర అమ్మాయి. వ్యాను డ్రైవరూ బతిమాలాడు. ఆయన ఎవరినీ కాదనలేదు. గదిలోకి వెళ్ళిన ప్రతిసారీ ఛాతీ ఇంకాస్త ముందుకొచ్చింది.

సాయంత్రం ఆయన పేరు చెప్పిన వాళ్ళందరికీ కాగితాలు అందాయి. బావమరిది తన కాగితం పట్టుకొచ్చాడు.

"బావా, టెర్మినేషన్ అని రాసుంది. సెలవంటే ఇదేనా?"

గ్రామర్‌గారు ఆ కాగితం లాక్కుని మేనేజరు గదికి పరిగెత్తారు. నేర్చుకున్న ఇంగ్లీషంతా ఏ గంగలో కలిసిందో! మేనేజరే లేచొచ్చి భుజం తట్టాడు. అడక్కుండానే పేర్లిచ్చిన ఇంతటి మనిషిని వదులుకోకూడదట. ఆయన ఉద్యోగం ఆయనకే ఉంచేశాడట. ఇకమీద ఎవరిని తీసెయ్యాలన్నా ఆయన సలహానే అడుగుతాడట.

బయట తూకం దగ్గర అమ్మాయి ఏడుస్తోంది. అన్నయ్యగారూ అని ఈసారి పిలవలేదు.

ఇంటికి వెళ్ళేసరికి భార్య పెట్టె సర్దేసుకుంది. గుమ్మంలో తమ్ముడు తలొంచుకుని నిలబడి ఉన్నాడు.

"నాకేం తెలుసే? నిజంగా సెలవే అనుకున్నాను!"

"తెలీదన్న మాట ఇప్పుడొచ్చిందా నోట్లోంచి? పెళ్ళింట్లో నా మొహం ఎక్కడ పెట్టుకోవాలి? వాణ్ణి వెళ్ళనిచ్చారుగా, నన్నూ వెళ్ళనివ్వండి."

ఈసారి అర్థం ఆయనకు సరిగ్గానే తెలిసింది.