కదలకుండా స్నానం చేయండి!

నీళ్లు తగిలినా చెడిపోదని డబ్బా మీద రాసి ఉన్న వస్తువు కొన్నవాళ్లంత అదృష్టవంతులు లోకంలో ఇంకెవరూ లేరు! మామూలు వస్తువు కొన్నవాడికి ఏం దక్కుతుంది? తడిస్తే పోతుందని తెలుసు, తడవనివ్వడు, అంతటితో సరి. వాటర్‌ప్రూఫ్ కొన్నవాడికో? మొదట నమ్మకం, తర్వాత ధైర్యం, ఆ తర్వాత పశ్చాత్తాపం. ఇంత జీవితానుభవం ఒక్క డబ్బాలో పెట్టి ఇంకెవరు అమ్ముతారు, చెప్పండి?

నమ్మరా? అయితే ముంచే బావ సంగతి వినండి.

అది మరదళ్లు పెట్టిన పేరు. పాపం, ఎవరినీ మోసం చేసి ఎరగడు. చిన్న చిన్న కరెంటు సామాన్లు తయారుచేసే కంపెనీలో, టెస్టింగ్ గదిలో ఆయనకు ఉద్యోగం. టార్చిలైటు కానివ్వండి, వాచీ కానివ్వండి, తొట్టి నీళ్లలో ముంచుతాడు, కాసేపాగి పైకి తీస్తాడు, తుడుస్తాడు, పనిచేస్తే ‘పాస్’ అంటాడు. కొత్తగా పరిచయమైనవాళ్లు “మీవారు ఏం చేస్తుంటారు?” అని అడిగితే, వాళ్లావిడ “ముంచుతుంటారండీ” అని నిజమే చెప్పేది. వెంటనే వాళ్లు చేతిసంచులు దగ్గరికి లాక్కునేవాళ్లు.

పని మీద భక్తి ఎక్కువై ఆ అలవాటు అత్తమామలతో కలిసి ఉంటున్న ఇంటికీ పాకింది. టీవీ రిమోట్‌ను బకెట్లో ముంచాడు. పెద్దమరదలి హ్యాండ్‌బ్యాగును ముంచాడు. లోపల ఆవిడ ఫోనుందని పైకి తీశాకే తెలిసింది. కాలింగ్ బెల్‌ను గోడ మీద ఉండగానే పైపుతో తడిపి చూశాడు. ఆనాటి నుంచి అది ఎవరూ నొక్కకుండానే మోగుతోంది. తలుపు తీసీ తీసీ అత్తగారికి మోకాళ్లు పట్టేశాయి!

మామగారికి మాత్రం ఆ గోల లేదు. ఆయన చెవులు ఏనాడో సెలవు పుచ్చుకున్నాయి.

ఇలా ఉండగా కంపెనీవాళ్లు ఓ చెవి మిషన్ తయారుచేశారు. డబ్బా మీద పెద్దక్షరాలతో ‘నీటికి బెదరదు’ అని అచ్చు వేయించారు. బావ స్వయంగా ముంచాడు, పాసయింది. ఆ రకందే ఒకటి కొని తెచ్చి మామగారి చెవికి తగిలించాడు.

ఆయన ఉలిక్కిపడ్డారు. “ఎవరది, అలా గురకపెడుతున్నారు?”

“ఫ్యాను, మావయ్యగారూ!”

అత్తగారు గబుక్కున నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఇన్నేళ్లుగా ఆయన ఎదుటే హాయిగా అంటున్న మాటలన్నీ ఇక వంటింట్లోకి మార్చుకోవాలి కదా!

ఆ సాయంత్రం బావ కూతురు తాతయ్య ఒళ్లో కూర్చుని, రోజూలాగే బడి కబుర్లు మొదలుపెట్టింది. ఆయన రోజూ “ఊఁ... ఊఁ...” అనేవారు. ఆవేళ మధ్యలో ఆపి, “ఇంతకీ ఆ పిల్ల నీ రబ్బరు తిరిగిచ్చిందా లేదా?” అని అడిగారు. పిల్ల నోరు వెళ్లబెట్టింది. “తాతయ్యకి వినపడిపోతోంది!” అంటూ ఇల్లంతా పరుగెత్తింది. ఒక వస్తువును ముంచకుండానే ఇంత ఆనందం ఉంటుందని బావకు అప్పుడే తెలిసింది.

మామగారికి స్నానం చేస్తూ పాడే అలవాటుంది. తన గొంతు తను విని ఎన్నాళ్లయిందో! నీటికి బెదరని మిషనే కదా అని మర్నాడు దాంతోనే బాత్రూమ్‌లోకి వెళ్లి గొంతెత్తారు. ఆయన గొంతుకు ఇంటిల్లిపాదీ బెదిరారు. రెండో చరణం మధ్యలో పాట టక్కున ఆగిపోయింది. తువ్వాలు చుట్టుకుని బయటికొచ్చి, “అందరూ ఉత్త పెదాలే కదుపుతారేం?” అన్నారు.

సాయంత్రం పిల్ల మళ్లీ కబుర్లు మొదలుపెట్టింది. తాతయ్య “ఊఁ” అన్నారు. దానికి అర్థమైపోయింది. మాట సగంలో వదిలేసి లేచి వెళ్లిపోయింది. బావ గుమ్మంలో నిలబడి అంతా చూశాడు.

మర్నాడే సర్వీస్ సెంటర్‌కు పరుగెత్తాడు. కౌంటర్లో అమ్మాయి మిషన్ విప్పి, లోపలికి తొంగి చూసి, ఎవరో పోయినట్టు మొహం పెట్టింది.

“నీళ్లు తగిలాయండీ. వారంటీ రాదు.”

“నీళ్లు తగిలినా ఫరవాలేదని డబ్బా మీద ఉందమ్మా!”

“ఫరవాలేదండీ, మేమేమీ అనుకోం. వారంటీ మాత్రం రాదు.”

బావ డబ్బా తీసి ఆ అక్షరాల మీద వేలు పెట్టి చూపించాడు. ఆ అమ్మాయే జాలిపడి అడిగింది. “ఏం నీళ్లండీ?”

“స్నానం నీళ్లు.”

“అదీ సంగతి! అవి కదిలే నీళ్లు. మా కంపెనీలో కదలని నీళ్లలో టెస్ట్ చేస్తారు. పెద్దాయన్ని ఇకమీదట కదలకుండా స్నానం చేయమనండి.”

బావ నీరుగారిపోయాడు. నీళ్లు కదలకూడదు, వేడిగా ఉండకూడదు, సబ్బు కలవకూడదు... రోజూ తను పాటించే నియమాలే ఇవి. అలాంటి నీళ్లు తన తొట్టిలో తప్ప ఇంకెక్కడ దొరుకుతాయో మాత్రం ఎన్నడూ ఆలోచించలేదు!

మర్నాడు మామగారిని వెంటబెట్టుకుని ఆఫీసుకు వెళ్లాడు. మామగారి భుజాన తువ్వాలు, చేతిలో సబ్బుపెట్టె.

“ఎవరయ్యా ఈయన?” అన్నాడు మేనేజరు.

“శాంపిలండీ.”

పెద్ద సామాన్లు ముంచే తొట్టి నింపారు, ఆఫీసంతా చుట్టూ చేరింది. కొత్త మిషన్ పెట్టుకుని మామగారు అందులో దిగి, తల ముంచి లేచి, బొమ్మలా కూర్చున్నారు.

“వినపడుతోందా, మావయ్యగారూ?”

“భేషుగ్గా!”

చప్పట్లు మోగాయి. ఫొటో తీసి ప్రకటనలో వేద్దామన్నాడు మేనేజరు.

“ఉండండి సార్, ఇంకా కాలేదు” అన్నాడు బావ. “మావయ్యగారూ, ఇక సబ్బు రుద్దుకుని పాట అందుకోండి!”

మామగారు అందుకున్నారు. నురగ లేచింది, చేతులు లేచాయి, తొట్టి పొంగింది. ముందు వరసలో ఉన్న మేనేజరు నిలువునా తడిశాడు. పాట ఆగింది. “ఏమైందండీ?” అని అందరూ ఒక్కసారే అరిచారు. ఆయన కదులుతున్న పెదాలన్నీ కలయజూసి, “బాగుంది కదా?” అన్నారు.

బావ రిపోర్టు మీద ‘ఫెయిల్’ అని రాశాడు.

“కంపెనీని ముంచేస్తావుటయ్యా!” అని మేనేజరు నెత్తి బాదుకున్నాడు.

“అందుకే కదండీ జీతమిస్తున్నారు.”

“రాసింది మార్చు.”

“మిషన్ మార్చండి, మారుస్తాను.”

ఉద్యోగం ఊడినా ఊడుతుందని తెలిసే అన్నాడు. మాట వెనక్కి తీసుకోలేదు. ఉద్యోగం ఊడలేదు, ప్యాకింగ్‌కు మార్చారు. మిషన్ మాత్రం మారలేదు. దాంతోపాటు ఇచ్చే కాగితంలో చీమతలకాయంత అక్షరాలతో ఓ ముక్క చేరింది: ‘స్నానమాడునపుడు కదలరాదు, సబ్బు వాడరాదు, పాడరాదు.’ ‘నీటికి బెదరదు’ అన్న అక్షరాలు మునుపటికంటే పెద్దవయ్యాయి. ఆఫీసంతా చూసింది కాబట్టి, బయట అనొద్దని బతిమాలి మామగారికి ఇంకో మిషన్ ఇచ్చారు. పిల్ల కబుర్లు మళ్లీ మొదలయ్యాయి.

మొన్నామధ్య బావా, మామగారూ పిల్లను బడి నుంచి తీసుకొస్తుండగా వాన విరుచుకుపడింది. ముగ్గురూ ఓ కొట్టు చూరు కిందికి దూరారు. అప్పటికే అక్కడ బోలెడుమంది ఉన్నారు. వాటర్‌ప్రూఫ్ వాచీలు విప్పేవాళ్లు విప్పుతున్నారు. వాటర్‌ప్రూఫ్ ఫోన్లు చొక్కాల్లో దాచేవాళ్లు దాస్తున్నారు. ఒకాయన వాటర్‌ప్రూఫ్ బూట్లు చంకలో పెట్టుకుని ఉత్తకాళ్లతో నిలబడ్డాడు. ఎంత జాగ్రత్త! ఎంత క్రమశిక్షణ! వస్తువు మనిషిని కాపాడాలని కొన్న జనం, వస్తువుకే కాపలా మనుషులైపోయారు. ఇంతకంటే అభివృద్ధి ఏం కావాలండీ?

మామగారు కూడా చెవి మిషన్ తీసి అల్లుడి చేతిలో పెట్టారు. పిల్ల కబురు మధ్యలో ఆపేసి, “వాన తగ్గాక చెబుతాలే తాతయ్యా” అని సైగ చేసింది.

కొట్టువాడు జాలిపడి ఓ ప్లాస్టిక్ కవరు ఇచ్చాడు. బావ మిషన్‌ను అందులో వేసి, మూతి ముడివేసి, జేబులో పెట్టుకున్నాడు. ముగ్గురూ నిలువెల్లా తడుస్తూ ఇల్లు చేరారు. ముడి విప్పి చూస్తే లోపల చుక్క నీరు లేదు. బావ వృత్తి అలవాటు కొద్దీ ఆ కవరును అటూ ఇటూ తిప్పి చూశాడు. దాన్ని ఎవరూ ఏ తొట్టిలోనూ ముంచలేదు. దాని మీద ఎవరూ ఏమీ రాయలేదు.